నలభై ఏడో నంబరు

ఆ వానాకాలం మా కాలేజీలో ఒక పరిశోధన జరిగింది. మెడికల్ విద్యార్థుల ఆరోగ్యం గురించి ఇరవై ప్రశ్నలు. వాటిని కాగితం మీద అడిగినా, ట్యాబ్ మీద అడిగినా పిల్లలు ఒకటే జవాబు చెబుతారా లేదా అని తేల్చాలి. తేల్చారు. రెండూ ఒకటేనన్నారు. నివేదిక అచ్చయింది. దాన్ని నేను నమ్మను. నమ్మకపోవడానికి నాకేం చదువుందని అడిగితే, పల్లెటూరి బడిలో పది తరగతులు. కానీ ఆ కాగితాలన్నీ పంచింది నేను, తిరిగి వసూలు చేసింది నేను, ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి ఎక్కించింది నేను.

ఆ విభాగంలో నేను గుమాస్తాను. ఏటా పిల్లల చేత ఆరోగ్యం ఫారం నింపించడం మా విభాగం పని. నింపిన ఫారాలు బీరువాలో పెట్టి తాళం వేయడం నా పని. ఆ ఏడు పైనుంచి అరవై ట్యాబులు వచ్చాయి. వాటితో పాటు ఒక కాగితమూ వచ్చింది, ఇకమీదట కాగితం వాడొద్దని. మా హెడ్ మేడమ్ ఊరుకునే మనిషి కాదు. ముందు రెండింటినీ పోల్చి చూడాలి, అదొక పరిశోధన పత్రం అవుతుంది అన్నది.

“నూట ఇరవై మంది. సగం మందికి ముందు కాగితం, పదిహేను రోజులయ్యాక ట్యాబ్. మిగతా సగానికి ముందు ట్యాబ్, ఆనక కాగితం. ఎక్కడా పేరు ఉండకూడదు పెద్దాయనా, నంబరే ఉండాలి. పేరుంటే నిజం చెప్పరు.”

“రెండోసారికి నంబరు మర్చిపోతే మేడమ్?”

“చీటీ మీద రాసి ఇస్తాం. దాచుకుంటారు.”

“డాక్టరు రాసిచ్చిన చీటీలే ఎవరూ దాచుకోరు.”

పక్కన కూర్చున్న లెక్కలాయన నవ్వాడు. పోలికలూ సగటులూ కట్టేది ఆయనే. పిల్లలు ఆయనకు దశాంశం అని పేరు పెట్టారు. ఆయనకూ తెలుసు. మేడమ్ నవ్వలేదు.

మా అమ్మాయి ఆ నూట ఇరవై మందిలో ఉంది. మూడో ఏడు చదువుతోంది. దాని తల్లి పోయి అప్పటికి మూడేళ్ళు. రెండు గదుల ఇంట్లో ఇద్దరమే. నేను ముందు గదిలో, అది వంటగదిని ఆనుకున్న గదిలో. పొద్దున్నే వండి మూతపెట్టి కాలేజీకి పోయేది. సాయంత్రం వచ్చి పుస్తకం ముందు కూర్చునేది. మేం పోట్లాడుకున్నది లేదు. పోట్లాడుకోవాలన్నా మాట్లాడుకోవాలిగా.

ఆ వారం భోజనాల దగ్గర అది నన్నొక మాట అడిగింది.

“నాన్నా, ఆ కాగితాలు నువ్వే వసూలు చేస్తావా?”

“నేను కాక ఇంకెవరున్నారు?”

“చదువుతావా?”

“చదవకుండా ఎలా ఎక్కిస్తాను? కళ్ళు మూసుకుని కొట్టమంటావా?”

అది కంచంలో వేలితో గీతలు గీసింది.

“అంటే, ఏవైనా ఇబ్బందులుంటే...”

“నీకేం ఇబ్బంది? వేళకి తిండుంది, నెత్తిన కప్పుంది, చదువుకు లోటు లేదు. అన్నింటికీ లేదు లేదు అని టిక్కులు పెట్టి ఇచ్చెయ్. అక్కడ నలుగురిలో నా పరువు తియ్యకు.”

“సరదాకి అడిగాలే” అని లేచి వెళ్ళింది. కంచంలో పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉంది. అది నేను చూశాను. చూసి, తిండి దండగ చేస్తున్నావని కేక వేశాను.

మా అమ్మాయి ముందు కాగితం నింపే సగంలో పడింది. ఆ రోజు పెద్ద హాల్లో వాళ్ళందరినీ దూరం దూరంగా కూర్చోబెట్టాం. నంబరు చీటీలు డబ్బాలో వేసి తలొకటి తీసుకోమన్నాం. కిటికీల అవతల వాన. పిల్లలకు ఆటగా ఉంది.

“పెద్దాయనా, రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతారని అడిగారు. క్లాసులో పోయింది కూడా కలపాలా?” అని వెనక బల్ల నుంచి ఒకడు.

“కలిపితే ఇరవై నాలుగు దాటుతుందిరా నీకు” అని ఇంకొకడు.

“జీవితం పట్ల ఆసక్తి తగ్గిందా అంట. ఎప్పుడు పెరిగిందని తగ్గడానికి?”

హాలంతా నవ్వు. మేడమ్ బల్ల మీద తట్టింది. మా అమ్మాయి మూడో వరుసలో ఉంది. తలెత్తలేదు. నవ్వలేదు. అందరికంటే ముందు పూర్తి చేసి, కాగితం బోర్లా తిప్పి నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. చురుకైన పిల్ల అనుకున్నాను.

పదిహేను రోజులకు అదే హాల్లో వాళ్ళకే ట్యాబులు. అప్పుడు నాకు పని లేదు. జవాబులు నేరుగా కంప్యూటర్లోకి పోతాయి. తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళ గొడుగులు మూలకు పెట్టించాను. ఈసారి అందరూ వెళ్ళిపోయాక కూడా మా అమ్మాయి కూర్చునే ఉంది. ట్యాబ్ మీద వేలు పెట్టి, ఎత్తి, మళ్ళీ పెట్టింది. అరగంట పట్టింది. కొత్త యంత్రం, అలవాటు లేదు కాబోలు అనుకున్నాను.

కాగితాలు ఎక్కించడానికి నాకు మూడు వారాలు పట్టింది. నలభై ఏడో కాగితం దగ్గర వేలు ఆగింది. వయసు, పొడవు, బరువు అంకెల్లో రాయాలి. పొడవు 157. బరువు 57. రెండు చోట్లా ఏడు అంకె నడుం మీద చిన్న అడ్డగీత. నా భార్య పాలవాడి కార్డు మీద అలాగే రాసేది, పిల్లకూ అదే అలవాటు. ఇది మా అమ్మాయి కాగితమని నాకు తెలిసిపోయింది. తెలిశాక మూసి పక్కన పెట్టాలి. పెట్టలేదు. ఒక్కొక్క ప్రశ్నా చదివాను. నిద్ర ఏడు గంటలు. ఆకలి బాగుంది. తలనొప్పి లేదు. దిగులు లేదు. చదువు మానేయాలని అనిపించలేదు. పద్దెనిమిదో ప్రశ్న, ఇంట్లో మనసు విప్పి మాట్లాడుకునే మనిషి ఉన్నారా? ఉన్నారు.

సంతోషపడ్డాను. అది కూడా రాస్తున్నాను. ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు దానికో కొత్త గొడుగు కొన్నాను.

నాలుగు రోజుల తర్వాత దశాంశం నన్ను పిలిచాడు. ముందు కాగితాల దొంతర, పక్కన రెండు వరుసల పట్టీ. ఎడమవైపు కాగితం జవాబులు, కుడివైపు ట్యాబ్ జవాబులు. రెండూ కలవని చోట ఎర్ర చుక్క.

“అందరికీ ఒకటో రెండో చుక్కలున్నాయి. అది మామూలే. ఈ నలభై ఏడు చూడు. ఇరవైలో పద్నాలుగు కలవలేదు. ఏం పెద్దాయనా, కునికిపాట్లు పడుతూ కొట్టావా?”

“నేను తప్పు కొట్టను.”

“అయితే కాగితం తీసి చూడు.”

తీశాను. చూశాను. నేను కొట్టింది కొట్టినట్టే ఉంది. అప్పుడు కుడివైపు వరుస చదివాను. బరువు 46. నిద్ర రెండు మూడు గంటలు. రోజుకు ఒక్కపూట తిండి. దిగులు, దాదాపు రోజూ. చదువు మానేయాలని, దాదాపు రోజూ. పదిహేనో ప్రశ్న, బతికి ఏం లాభం అనిపించిందా, చాలా రోజులు. ఇంట్లో మనసు విప్పి మాట్లాడుకునే మనిషి, లేరు.

చీటీ మారిందేమో అన్న ఆశ పుట్టింది. వేరే ఎవరిదో అయ్యుంటుంది. పొడవు చూశాను. రెండు వరుసల్లోనూ 157.

దశాంశం ఆ పట్టీ పట్టుకుని మేడమ్ గదికి నడిచాడు. నేను కాగితం, నంబర్లు రాసుకునే పుస్తకం పట్టుకుని వెనక నడిచాను.

మేడమ్ కళ్ళద్దాలు పైకి నెట్టి చూసింది. “ఎక్కించడంలో తప్పు లేదా?”

“లేదంటున్నాడు.”

“అయితే ఎవరో వేళాకోళం చేశారు. లేదా ఇద్దరు చీటీలు మార్చుకున్నారు.”

“పొడవు ఒకటే ఉంది మేడమ్” అన్నాను.

“పొడవు పదిమందికి ఒకటే ఉంటుంది పెద్దాయనా.”

దశాంశం గొంతు తగ్గించాడు. “మేడమ్, ఆ పదిహేనో ప్రశ్న జవాబు... ఎవరో పిలిచి కనుక్కుంటే...”

“ఎవర్ని పిలుస్తాం? పేరు లేదుగా. పేరు లేకుండా చేసిందే నిజం చెప్పడానికి. ఇప్పుడు నూట ఇరవై మందినీ నిలబెట్టి, నలభై ఏడు ఎవరు, చెయ్యెత్తండి అందామా?”

నేనడిగాను.

“ఈ రెండింట్లో ఏది నిజం మేడమ్?”

ఆవిడ నన్ను కొత్తగా చూసింది. కోపంగా కాదు, పాఠం చెప్పేవాళ్ళు చూసినట్టు.

“ఏది నిజమన్నది మన ప్రశ్న కాదు. మనం పిల్లల్ని పరీక్షించడం లేదు, ఫారాలను పరీక్షిస్తున్నాం. రెండూ కలిశాయా లేదా, అంతే మనకు కావలసింది. రెండు చోట్లా దిగులు అని రాసుంటే అది మంచి ఫలితం. ఇది రాయిలా అడ్డం పడింది. ఒక్క మనిషితో మొత్తం లెక్క దిగిపోతోంది. తీసెయ్యండి.”

ఆ గదిలో ఆ పేరు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్క మాట అంటే చాలు. మేడమ్, అది మా అమ్మాయి. నోటిదాకా వచ్చింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. గుమాస్తా కూతురికి మతి చెడిందట అని సాయంత్రానికి కాలేజీ అంతా చెప్పుకుంటుంది. రేపు అది డాక్టరయ్యాక కూడా చెప్పుకుంటుంది. ఇంట్లో నేను చూసుకుంటాను, వీళ్ళకెందుకు?

నంబర్ల పుస్తకం నా చేతిలోనే ఉంది. స్కేలు తీసుకుని నలభై ఏడు మీద ఎర్ర సిరాతో గీత గీశాను. గీత వంకర పోలేదు. నా చేతిరాత మంచిదని విభాగంలో అందరూ అంటారు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అది స్టవ్ దగ్గర నిలబడి ఉంది. వెనక నుంచి చూశాను. భుజాల మీద బట్ట కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. మోచేతి ఎముక పొడుచుకొచ్చింది. రోజూ ఆ మనిషినే చూస్తున్నాను. నాలుగడుగుల దూరంలో.

ఎలా అడగాలో నాకు తెలియదు. మా ఇంట్లో అలాంటివి ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్ళు కాదు.

“ఎంత ఉన్నావు బరువు?” అన్నాను.

గరిటె ఆగింది. అది వెంటనే తిరగలేదు. తిరిగాక దాని మొహంలో భయం లేదు. అలిసిపోయిన మొహం.

“చదివావా?”

నేను చెప్పులు విప్పి పక్కకు పెట్టాను.

“రెండూ చదివావా?”

“చదివాను.”

“నంబరే ఉంటుంది, ఎవరిదో ఎవరికీ తెలియదని పైన రాశారు.”

“ఏడు అంకె చూసి గుర్తుపట్టాను.”

అది స్టవ్ ఆపేసింది. పీట మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“కాగితంలో అలా రాసి, ఆ మిషన్లో ఇలా ఎందుకు రాశావు?” అన్నాను.

“కాగితం నువ్వు వసూలు చేస్తావుగా. లేదు లేదు అని టిక్కులు పెట్టమన్నావు. పెట్టాను.”

“మరి దాంట్లో?”

“దాంట్లో రాస్తే ఎవరైనా చూస్తారనుకున్నా.” ఒళ్ళోని చేతుల వంక చూస్తూ అన్నది. “నువ్వు కాదు.”

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. నిద్ర లేదంది, అడగలేదు. తిండి లేదంది, అడగలేదు. బతికి ఏం లాభమంది, దాని గురించి ఒక్క ముక్క అడగలేదు. పద్నాలుగు జవాబుల్లో నన్ను పొడిచింది ఒక్కటే. నేను అడిగింది కూడా అదొక్కటే.

“ఇంట్లో మనసు విప్పి మాట్లాడుకునే మనిషి లేరని రాశావు. నేనేమిటి మరి? గోడనా? ఎవరి కోసం చేస్తున్నాను ఈ వెట్టిచాకిరీ?”

అది నా వంక చూసింది. చాలాసేపు చూసింది. ఇంకేదో ప్రశ్న వస్తుందని చూసినట్టుంది. రాలేదు.

“కూర చల్లారిపోతుంది నాన్నా, తినెయ్” అని దాని గదిలోకి వెళ్ళింది. గడియ పెట్టిన చప్పుడు కాలేదు. ఫోన్లో మాట్లాడుతున్న గొంతు వినిపించింది. అంతసేపు అది మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. నేను కూర్చుని తిన్నాను.

మర్నాడు మధ్యాహ్నం దాని పిన్ని దిగింది. నా భార్య చెల్లెలు, బట్టలు కుట్టే మనిషి. నోరు సూది కంటే వాడి. తడిసిన గొడుగు నా కుర్చీ మీదే ఆరబెట్టి, పిల్ల గదిలోకి వెళ్ళింది. గంట తర్వాత బయటికి వచ్చేసరికి చేతిలో రెండు సంచులున్నాయి.

“తీసుకెళ్తున్నా బావా. మా ఇంటి దగ్గర మంచి డాక్టరమ్మ ఉంది. రేపటికి టైం ఇచ్చింది.”

“పరీక్షలు నెలలో ఉన్నాయి.”

“పరీక్షలు వచ్చే ఏడూ ఉంటాయి.”

“నాతో ఒక్క మాట అనకుండా...”

“నీతోనా?” అన్నది. సంచులు కింద పెట్టింది. “అక్క నొప్పి అని నోరు తెరిచేసరికి ఆర్నెల్లు దాటిపోయింది. దీనికి చెప్పుకోవడానికి ప్రభుత్వమో ఎవరో మిషన్ పంపాల్సి వచ్చింది. ఇంకా ఏం మాట అనమంటావు నీతో?”

“దాన్ని కష్టపెట్టానా? కొట్టానా? తిట్టానా?”

“అబ్బే. నువ్వేం చేశావని. నువ్వేమీ చెయ్యలేదు బావా.”

మా అమ్మాయి చెప్పులు వేసుకుంటోంది. కొత్త గొడుగు గోడకు ఆనించి ఉంది. వాన పడుతూనే ఉంది. అది పిన్ని గొడుగు కిందికే వెళ్ళింది.

వారానికి డాక్టరమ్మ సర్టిఫికెట్ వచ్చింది, ఏడాది సెలవు కావాలని. ఆ దరఖాస్తు మా విభాగం మీదుగానే పోవాలి. మేడమ్ ముందు పెట్టింది నేనే. ఆవిడ చదివి, నొచ్చుకుంది. నిజంగానే నొచ్చుకుంది, నటన కాదు.

“మీ అమ్మాయా? ఇంత జరుగుతుంటే నాకు ఒక్క మాట చెప్పలేదేం? నా తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందని మొదటి రోజే చెప్పానుగా వాళ్ళకి.”

“చెప్పింది మేడమ్.”

“ఎప్పుడు?”

“నలభై ఏడో నంబరు.”

అది చెప్పకూడని మాట. పిల్ల గుట్టు దొంగచాటుగా చదివిందీ నేనే, బయటపెట్టిందీ నేనే. చెప్పాల్సిన రోజు ఇదే గదిలో నోరు మూసుకుని, ఇప్పుడు ఎవరికీ పనికిరాని వేళ, ఆవిణ్ణి పొడవడానికి చెప్పాను. ఆవిడ మొహం తెల్లబోయింది. పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

“నివేదిక పంపేశాను పెద్దాయనా” అన్నది చివరికి. “ఇప్పుడు మార్చడానికి లేదు.”

“మార్చమని నేననలేదు.”

సంతకం పెట్టింది. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆవిడ నన్ను ఒక్క మాటకూ కసురుకోలేదు. అది నాకు ఇంకా అసహ్యం.

నివేదిక అచ్చయి వచ్చింది. నూట పంతొమ్మిది మందిని పరిశీలించగా కాగితానికీ ట్యాబుకూ చెప్పుకోదగ్గ తేడా లేదని తేలిందట. సమాచారం పొసగనందున ఒకరిని మినహాయించాం అని చిన్న అక్షరాల్లో ఉంది. చివర కృతజ్ఞతలు చెప్పిన చోట నా హోదా వేశారు. దశాంశం చూపించి, “ఏమయ్యా, అచ్చులోకి ఎక్కావు” అన్నాడు. దాన్ని కూడా బీరువాలో పెట్టి తాళం వేశాను.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం పుస్తకాలు కావాలని కబురొస్తే పట్టుకెళ్ళాను. దాని పిన్ని ఇంట్లో కుట్టు మిషను చప్పుడు. మా అమ్మాయి వసారాలో కూర్చుని జాకెట్టుకు గుండీలు కుడుతోంది. బుగ్గలు కొంచెం నిండాయి. కళ్ళ కింద నలుపు తగ్గింది. పిన్ని కూతురు ఏదో అంటే పకపకా నవ్వుతోంది. నేను గేటు తీసిన చప్పుడుకు ఆ నవ్వు ఆగింది. ఆపాలని ఆపలేదు. దానంతటదే ఆగింది.

పుస్తకాలు బల్ల మీద పెట్టాను. కూర్చోమంటే కూర్చున్నాను. వచ్చే ఏడు మళ్ళీ చేరతానని, హాస్టల్లో ఉంటానని చెప్పింది. నన్ను అడగలేదు, చెప్పింది. దగ్గరలోనే ఇల్లుండగా హాస్టలెందుకని నేను అనలేదు. నేర్చుకున్నానని కాదు. అనే ధైర్యం లేక.

దారం పళ్ళతో తెంపి, నన్ను తేరిపార చూసింది. వార్డుల్లో రోగుల్ని చూడటం నేర్పుతారు వాళ్ళకి. మొహం, గోళ్ళు, మణికట్టు. బెల్టుకు నేను మేకుతో పొడిచి చేసుకున్న కొత్త బెజ్జం దగ్గర దాని చూపు ఆగింది.

“నిద్ర పడుతోందా నాన్నా?”

“పడుతోంది.”

“వేళకి తింటున్నావా?”

“తింటున్నాను.”

“ఒక్కడివే ఉంటే దిగులుగా ఉండట్లేదూ?”

“నాకేం దిగులు?”

ఇంకోసారి అడుగుతుందేమోనని ఎదురుచూశాను. అడిగితే చెప్పేసేవాణ్ణి. ఆ రోజు చెప్పేసేవాణ్ణి.

“సరే అయితే” అని అది సూదిలోకి దారం ఎక్కించుకుంది.